నలుగురూ చూస్తుండగా

నడివయసు మనిషి సైకిళ్ల దుకాణంలోకి అడుగు పెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే. "బాబుకాండీ, పాపకా?" వచ్చినవారు "నాకే" అని చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది. "నాకే, ఇంకా తొక్కడం రాదు" అని పూర్తిగా చెప్పేవాళ్లు మరీ అరుదు. ఈతైనా సైకిలైనా చిన్నప్పుడే రావాలనీ, ముదిరిన ఒంటికి కొత్త విద్య పట్టుబడదనీ మన ఇళ్లలో ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెత ఆ నమ్మకానికి కాపలా కాస్తోంది.

సైకిలు చరిత్ర ఈ నమ్మకానికి అడ్డం తిరుగుతుంది. ఈ బండి పుట్టిందే పెద్దవాళ్ల కోసం. మొదటి డెబ్బై ఎనభై ఏళ్లలో సైకిలు కొన్నవాళ్లలో ఎక్కువమంది పిల్లలు కారు, పెద్దవాళ్లే. చిన్నప్పుడే నేర్చుకుని ఉండాల్సింది అని వాళ్లతో ఎవరూ అనలేదు. వాళ్ల చిన్నప్పుడు ఆ బండే లేదు మరి. అయినా వాళ్లకూ రెండు అడ్డంకులు ఉండేవి. ఒకటి డబ్బు. రెండోది నలుగురి చూపు. ఈ రెండింటిలో రెండోదే మొండిది. పెద్దవాళ్లు ఏ కాలంలో ఎక్కడెక్కడ సైకిలు నేర్చుకున్నారో వెతుక్కుంటూ పోతే, వాళ్లు ఎవరి కళ్లకు దొరక్కుండా నేర్చుకోవాలనుకున్నారో కూడా తెలిసిపోతుంది.

1817 జూన్ 12న జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ తాను చేసిన రెండు చక్రాల కొయ్య బండి ఎక్కి ఊరి బయటికి వెళ్లి, గంట తిరక్కుండా వెనక్కి వచ్చాడు. అప్పటికి అతనికి 32 ఏళ్లు. ఆ బండికి పెడళ్లు లేవు, చైను లేదు. ముందు చక్రాన్ని అటూ ఇటూ తిప్పే పిడి మాత్రం ఉంది. సీటు మీద కూర్చుని రెండు కాళ్లతో నేలను వెనక్కి తన్నుకుంటూ పోవాలి. వేగం అందుకున్నాక కాళ్లు పైకెత్తితే బండి కాసేపు తనంతట తానే నిలబడి సాగేది. రెండు చక్రాల మీద మనిషి పడకుండా ఉండగలడన్న సంగతి లోకానికి మొదట చూపించింది ఆ బండే.

రెండేళ్లకు, 1819లో, లండన్‌లో గుర్రపు బండ్లు కట్టే డెనిస్ జాన్సన్ దానికి మెరుగులు దిద్ది అమ్మడం మొదలుపెట్టాడు. కొన్నవాళ్లకు నేర్పడానికి బడి కూడా తెరిచాడు. బండి అమ్మేవాడే నేర్పాలన్నది మొదటి రోజుల్లోనే తేలిపోయిన వ్యవహారం. కోటూ టోపీ వేసుకున్న పెద్దమనుషులు కొయ్య బండి మీద కాళ్లు కొట్టుకుంటూ వీధిలో పోతుంటే లండన్ వ్యంగ్య చిత్రకారులకు పండగైంది. వేసిన బొమ్మ వెయ్యకుండా వేశారు. ఆ వెటకారం ముందు మోజు ఎంతో కాలం నిలవలేదు.

1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు తగిలించిన బండి వచ్చింది. ఇనుప పట్టా చుట్టిన కొయ్య చక్రాలు రాళ్లు పరిచిన వీధుల్లో దొర్లుతుంటే ఎముకలు కదిలిపోయేవి. 1868-69 ప్రాంతంలో ఆ మోజు అట్లాంటిక్ దాటి అమెరికా చేరింది. అక్కడ దుకాణాలతో పాటు నేర్పే బడులూ వెలిశాయి. స్కేటింగ్ హాళ్లు, వ్యాయామశాలలు రాత్రికి రాత్రి సైకిలు బడులుగా మారాయి. రుసుము కట్టి, నాలుగు గోడల మధ్య, నున్నటి చెక్క నేల మీద, తనలాంటి కొత్తవాళ్ల నడుమ నేర్చుకోవచ్చు. బయటి కన్ను సోకదు. అక్కడ బాగా తొక్కినవాళ్లు వీధిలోకి వచ్చేసరికి గతుకులు, గుర్రాలు, బురద ఎదురయ్యాయి. మోజు ఏడాదికే చల్లబడింది.

తర్వాత వచ్చింది ఎత్తు చక్రం బండి. ముందు చక్రం మనిషి ఛాతీ దాకా, వెనక చక్రం గిన్నె మూతంత. దాని మీదినుంచి పడితే తల ముందు తగిలేలా పడటమే. 1884లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక 48 ఏళ్ల రచయిత ఇలాంటి బండి కొని, నేర్పడానికి ఒక మనిషిని కుదుర్చుకున్నాడు. ఆయన మార్క్ ట్వైన్. రోజుకు గంటన్నర చొప్పున ఎనిమిది రోజులు పాఠం నడిచింది. ఎక్కడ? పెరట్లో. ఎవరూ చూడకూడదని పెరడు ఎంచుకున్నామని ఆయనే రాసుకున్నాడు. అప్పటికే లోకమంతా పేరు మోగిన మనిషికి కూడా ఆ చాటు కావాల్సి వచ్చింది. చివరికి వీధిలోకి వచ్చిన రోజున గేటు స్తంభం మీద ఒక కుర్రాడు కూర్చుని, తింటున్నది తింటూనే, ప్రతి తప్పుకూ ఒక మాట విసిరాడట. పెద్దవాళ్లు సైకిలు నేర్చుకునే ప్రతి వీధిలోనూ, ప్రతి కాలంలోనూ ఆ కుర్రాడు ఉన్నాడు. ట్వైన్ ఈ అనుభవాన్ని వ్యాసంగా రాసి పక్కన పెట్టేశాడు. ఆయన పోయిన ఏడేళ్లకు, 1917లో గానీ అది అచ్చుకాలేదు.

ఆ వ్యాసంలో నవ్వు వెనక అసలు విద్య ఒకటి ఉంది. బండి ఎటు ఒరుగుతుంటే హ్యాండిల్‌ను అటే తిప్పాలి. ఒంటికి తెలిసిన పద్ధతి దీనికి ఎదురు. ఎడమకు పడిపోతున్నామనిపిస్తే చేతులు కుడివైపుకు లాగేస్తాయి, మనిషి ఎడమకే పడతాడు. ఎడమకు ఒరిగినప్పుడు ఎడమకే తిప్పితే చక్రాలు ఒరిగిన బరువు కిందికి వచ్చి మనిషిని నిలబెడతాయి. పుట్టినప్పటినుంచి నేర్చుకున్నదాన్ని చేతులు మరిచిపోవాలి. అంతే తప్ప ఇందులో వయసుకు అందని బలమేమీ లేదు. పిల్లలకు ఈ సంగతి నాలుగు దెబ్బలతో ఒంటికెక్కుతుంది. పెద్దవాళ్లు దెబ్బకు ముందే బిగుసుకుపోతారు, బిగుసుకున్న చెయ్యి హ్యాండిల్‌ను వదలదు. ఆలస్యమంతా అక్కడే.

1885లో కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' తయారుచేశాడు. రెండు చక్రాలూ ఇంచుమించు సమానం, వెనక చక్రాన్ని చైను తిప్పుతుంది, పాదం చాపితే నేల అందుతుంది. ఈనాటి సైకిలు రూపం అదే. రెండు మూడేళ్లకు బెల్ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం గాలి టైరు చేశాడు. ఒకటి భయం తగ్గించింది, ఇంకొకటి కుదుపు తగ్గించింది. అప్పటిదాకా కుర్రకారు సాహసంగా ఉన్న బండి వైపు నడివయసువాళ్లు, ఆడవాళ్లు, బట్టతల గుమాస్తాలు, పాదిరీలు కదిలారు.

ధర మాత్రం తేలిక కాదు. అమెరికాలో పేరున్న కొలంబియా సైకిలు 1890ల నడుమ 100 డాలర్లు పలికేది. ఫ్యాక్టరీ కార్మికుడికి అది రెండు నెలల పైచిలుకు జీతం. కుట్టుమిషన్లు అమ్మిన పద్ధతిలోనే సైకిళ్లకూ వాయిదాలు వచ్చాయి. పాత మోడళ్లు చేతులు మారి దిగువకు చేరాయి. సంపన్నులకు డబ్బు బెంగ లేదు కానీ చూపుల బెంగ ఉంది. 1895 ప్రాంతంలో లండన్ దొరసానులు బాటర్సీ పార్కులో చేరి తొక్కేవాళ్లు. సైకిలెక్కే ఆడవాళ్ల ముఖం బిగుసుకుని శాశ్వతంగా వికారమైపోతుందని కొందరు డాక్టర్లు హెచ్చరించారు, దానికి 'సైకిలు ముఖం' అని పేరు కూడా పెట్టారు. అలాంటి రోగం లేదని చెప్పడానికి ఆడవాళ్లు తొక్కి చూపించడం తప్ప వేరే మార్గం లేకపోయింది.

చూపించినవాళ్లలో ఫ్రాన్సెస్ విలార్డ్ దగ్గర కాసేపు ఆగాలి. సారాకు వ్యతిరేకంగా పోరాడిన అమెరికా మహిళల సంఘానికి 1879 నుంచి ఆమె అధ్యక్షురాలు. ఊరూరా సభలు, ఉపన్యాసాలు, రైలు ప్రయాణాలు. 1892లో తల్లి పోయింది. ఆరోగ్యం దెబ్బతింది. ఇంగ్లండ్‌లో స్నేహితురాలు లేడీ హెన్రీ సోమర్సెట్ ఇంట విశ్రాంతి తీసుకుంటూ, 53 ఏళ్ల వయసులో, సైకిలు నేర్చుకోవాలని నిర్ణయించుకుంది. తన సైకిలుకు గ్లాడిస్ అని పేరు పెట్టుకుంది.

పదహారో ఏట దాకా విలార్డ్ పొలాల్లో పరుగులు తీసిన పిల్ల. పదహారు నిండగానే జడ పైకి ముడిచి, పాదాలు దాటే పొడుగు పావడా కట్టారు. ఆ రోజుతో పరుగు ఆగింది. మళ్లీ అలాంటి స్వేచ్ఛ కోసం ముప్పై ఏడేళ్లు పట్టింది. తెలుగు ఇళ్లలో ఓణీ వేసిన రోజున చెట్లెక్కడం మానేసిన ఆడపిల్లలకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేర్చుకున్న తీరును ఆమె పూసగుచ్చినట్టు రాసిపెట్టింది. మొదట ముగ్గురు బలమైన కుర్రాళ్లు బండి కదలకుండా పట్టుకుంటే ఆమె భయంభయంగా సీటెక్కింది. తర్వాత ఇద్దరు ఆడవాళ్లు చెరోవైపు పట్టుకుని నడిపించారు. ఆపైన ఒక్క మనిషి. చివరికి ఎవరూ లేరు. రోజుకు సగటున పదిహేను నిమిషాల చొప్పున సుమారు మూడు నెలలు పట్టింది. ముందు తొక్కడం, తర్వాత మలుపు తిప్పడం, ఆ తర్వాత దిగడం, అన్నిటికంటే చివర సొంతంగా ఎక్కడం. కళ్లు ముందు చక్రం మీద పెడితే పడిపోతామనీ, చూపు దూరంగా నిలిపితే బండి నిలబడుతుందనీ ఆమె కనిపెట్టింది. ఇప్పటి శిక్షకులూ మొదట చెప్పేది ఇదే. ఒంటి మీది బట్టల సంగతీ వదల్లేదు. పావడా అంచు నేలకు మూడంగుళాల పైన ఉండేలా కుట్టించుకుంది. ఆ రోజుల్లో అది చిన్న తెగింపు కాదు.

ఈ వయసులో ఎందుకు అంటే ఆమె కారణాలు చెప్పింది. సాహసం మీద సహజమైన ఇష్టం, కొత్త సాధనాన్ని చేతిలోకి తెచ్చుకోవాలన్న కోరిక. ఇంకో కారణం, ఈ వయసులో నీకు రాదు అని చాలామంది అనుకోవడం. ఆ మూడో మాటలో ఉన్న పట్టుదలే ఆమెను చదివినవాళ్లకు గుర్తుండిపోతుంది. 1895లో తన సైకిలు పాఠాలను చిన్న పుస్తకంగా అచ్చువేయించింది. పేరున్న నాయకురాలు తన పాట్లన్నీ లోకానికి చెప్పుకోవడంతో ఇంకెంతోమందికి దారి తేలికైంది. అయితే ఆమె నేర్చుకున్నది మాత్రం సంపన్నురాలి ఇంటి ఆవరణలోనే. పట్టుకోవడానికి మనుషులున్నారు, సైకిలు కొనే స్నేహితులున్నారు.

అదే 1895లో మాస్కోలో టాల్‌స్టాయ్ సైకిలు నేర్చుకుంటున్నాడు. ఆయనకు అప్పుడు 66 దాటి 67 నడుస్తోంది. ఆ ఫిబ్రవరిలోనే ఏడేళ్లు నిండని కడగొట్టు కొడుకు వానిచ్కా పోయాడు. ఇంటి మీద దుఃఖం ముసిరి ఉంది. వసంతంలో ఆయన గుర్రపు స్వారీ నేర్పే పెద్ద కప్పు కింద, మనేజ్‌లో, సైకిలెక్కాడు. ఇది మీలాంటివారికి తగదని వెంట ఉన్న శిష్యుడొకరు నొచ్చుకున్నాడు. ఎందుకో దీని మీదికి మనసు లాగుతోందనీ, తనకు సిగ్గుగా లేదనీ, జనం ఏమనుకున్నా పట్టదనీ, ఇది పసివాళ్ల ఆటలా మచ్చలేని సరదా అనీ టాల్‌స్టాయ్ డైరీలో రాసుకున్నాడు. పుత్రశోకంలో ఉన్న ముసలి మనిషి ఒక ఇనుప బండి మీద పసితనాన్ని వెతుక్కోవడం కంటే సైకిలు గురించి చెప్పుకోదగ్గ కథ మరొకటి దొరకడం కష్టం.

అంత చాటు అక్కర్లేదన్నవాళ్లూ ఉన్నారు. 1894లో బోస్టన్‌నుంచి ముగ్గురు పిల్లల తల్లి ఆనీ కోప్చోవ్‌స్కీ ప్రపంచ యాత్రకు బయల్దేరింది. అంతకు కొద్ది రోజుల ముందు దాకా ఆమె సైకిలు ముట్టుకోలేదు. లండన్‌డెరీ అనే మంచినీళ్ల కంపెనీ 100 డాలర్లిచ్చి తన పేరు ఆమెకు తగిలించింది. మొదట ఎక్కింది 42 పౌండ్ల ఆడవాళ్ల సైకిలు. షికాగోలో దాన్ని వదిలేసి తేలికైన మగవాళ్ల సైకిలుకు మారింది.

మన దేశంలోనూ మొదటి సైకిలు పాఠాలు పెద్దవాళ్లవే. కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ అనే వ్యాపారి ఉండేవాడు. కుంతలీన్ తలనూనె ఆయనదే, రవీంద్రనాథ్ ఠాగూర్ గొంతును రికార్డు చేసినవాడూ ఆయనే. సైకిలు మీద మోజుతో తాను నేర్చుకుని, హారిసన్ రోడ్డులో సైకిళ్ల దుకాణం పెట్టాడు. ఆయన దగ్గర సైకిలు నేర్చుకున్నవాళ్లలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్, డాక్టర్ నీలరతన్ సర్కార్ ఉన్నారు. చదువులు పూర్తయి, కాలేజీల్లో పాఠాలు చెబుతూ, వైద్యం చేస్తూ ఉన్న మనుషులు సాటి స్నేహితుడు వెనకనుంచి సీటు పట్టుకుంటే తొక్కారు. ఆ కాలపు భారతదేశంలో సైకిలంటే విదేశంనుంచి ఓడలో దిగే సరుకు. కొనగలిగేది దొరలు, జమీందార్లు, వకీళ్లు, డాక్టర్లు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ పరిస్థితి మారింది. 1949లో మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ వచ్చింది. హెర్క్యులిస్, ర్యాలీ, హీరో, అట్లాస్ అనే పేర్లు తెలుగు పల్లెల్లో ఇంటి మనుషుల పేర్లలా చెలామణి అయ్యాయి. పోస్టుమ్యాను, పాలవాడు, బడిపంతులు, చేనేత బట్టల మూటవాడు, అందరి కాళ్ల కిందా అదే నల్ల సైకిలు. కొనలేనివాడికి గంట లెక్కన అద్దె సైకిలు, తెలంగాణలో కిరాయి సైకిలు. పిల్లలు దాని మీదే కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం మొదలుపెట్టి, తర్వాత కడ్డీ మీదికి, ఆఖర్న సీటు మీదికి ఎదిగారు. సొంత సైకిలు ఉన్నవాడు ఏటా పంచాయతీకో మునిసిపాలిటీకో పన్ను కట్టి బిళ్ల బిగించుకోవాలి. చీకటిపడ్డాక దీపం లేకపోయినా, వెనక ఇంకో మనిషిని ఎక్కించుకున్నా పోలీసు ఆపేవాడు. పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకే సైకిలు మీద వెళ్లాడని జనం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. 1982లో పుట్టిన తెలుగుదేశం పార్టీకి సైకిలు గుర్తు ఊరూరా అంత తేలిగ్గా ఎక్కిందంటే, అప్పటికే ఆ బండి ప్రతి గడప ముందూ నిలబడి ఉంది.

తెలుగు మగవాడి తొలి సొంత సైకిలు చాలాసార్లు పెళ్లితో వచ్చింది. వాచీ, రేడియో, సైకిలు. ఈ మూడూ అల్లుడికి పెట్టాల్సినవిగా చాలా కులాల్లో, చాలా ఊళ్లలో స్థిరపడిపోయాయి. సైకిలు కోసం అలిగిన పెళ్లికొడుకుల కథలు, బాకీ మిగిలిపోయిన మామల కథలు పాత తరం దగ్గర ఇంకా ఉన్నాయి. డబ్బు పెట్టింది పిల్ల తండ్రి. తొక్కింది అల్లుడు. ఆ పిల్ల వెనక క్యారియర్ మీద ఒకవైపుకు కూర్చుని, చీర చెంగు చక్రంలో పడకుండా ఒడిలో చుట్టుకుని, ఇంకో చేత్తో సీటు పట్టుకుని ప్రయాణం చేసింది. ఎవరి సొమ్ముతో కొన్నారో ఆ మనిషికి హ్యాండిల్ అందని ఈ ఏర్పాటును మన సమాజం ఎన్నో ఏళ్లు వింతగా చూడలేదు. అది బాధ కలిగించే సంగతి.

ఆ ఏర్పాటు తిరగబడిన చోటు పొరుగునే ఉంది. తమిళనాడులోని పుదుక్కోట్టై వానలు సరిగా లేని పేద జిల్లా. 1990ల మొదట్లో అక్కడ 'అరివొళి ఇయక్కం' అనే అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కలెక్టరు షీలా రాణి చుంకత్ అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పాలని పట్టుబట్టారు. ఆడమనిషి కదలలేకపోతే చదువు ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతుందన్నది ఆమె లెక్క. సైకిళ్లు కొనుక్కోవడానికి ఆడవాళ్లకు అప్పులివ్వాలని బ్యాంకులను ఒత్తిడి చేశారు. ఏ బ్లాకు ఏం చేయాలో పనులు పంచారు.

నేర్పింది ఆడవాళ్లే. వ్యవసాయ కూలీలు, రాళ్ల క్వారీల్లో పనిచేసేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు, టీచర్లు. ఒకామె నేర్చుకున్న వారానికే ఇంకొకామెకు పంతులమ్మ అయ్యేది. ఆదివారాల్లో మంచి చీరలు కట్టుకుని వచ్చి నేర్చుకున్నారు. పాట కూడా కట్టారు. దారిలో బూతు మాటలు విన్నారు, నిందలు పడ్డారు. 1992 మార్చి 8న మహిళా దినోత్సవం నాడు 1,500 మందికి పైగా ఆడవాళ్లు హ్యాండిళ్లకు జెండాలు కట్టుకుని, బెల్లులు మోగించుకుంటూ పుదుక్కోట్టై పట్టణం నిండా తొక్కారు. బహిరంగ ప్రదర్శనల్లో, పోటీల్లో 70,000 మందికి పైగా తమ విద్య చూపించారు. జర్నలిస్టు పి. సాయినాథ్ అక్కడ తిరిగి రాసిన ప్రకారం లక్ష మందికి పైగా పల్లె ఆడవాళ్లు సైకిలెక్కారు. పదేళ్ల లోపు పిల్లలను పక్కన పెడితే, జిల్లా గ్రామీణ మహిళల్లో ఇది నాలుగో వంతుకు పైన.

ట్వైన్ పెరడు, టాల్‌స్టాయ్ మనేజ్, విలార్డ్ నేర్చుకున్న దొరసాని తోట. వీటికీ పుదుక్కోట్టైకీ ఉన్న తేడా చూడాలి. అక్కడ చాటు లేదు. పెరడున్న ఇళ్లు కావు అవి. నలుగురూ చూస్తారన్న భయానికి మందుగా వాళ్లు గోడలు కట్టలేదు, నాలుగు వందల మందిని కూడగట్టారు. వీధిలో సగం మంది తొక్కుతుంటే గేటు స్తంభం మీద కుర్రాడికి నవ్వడానికి ఎవరూ మిగలరు.

సైకిళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. ఒక్కసారిగా గిరాకీ పెరగడంతో ఆడవాళ్ల సైకిళ్లు దొరకలేదు. సరే అని మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. వాటికి సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే ముందు కడ్డీ చీర కట్టుకున్న మనిషికి అడ్డమే. కానీ దాని మీద చిన్న సీటు బిగిస్తే బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. చాలామంది ఆ కడ్డీనే మెచ్చారు. ముందు బిడ్డ, వెనక క్యారియర్ మీద సరుకు, పక్కన నీళ్ల బిందె. బస్సు కోసం పొద్దంతా కాచుకునే పని తప్పింది. పంటను నాలుగు ఊళ్లు తిప్పి అమ్ముకోవడం కుదిరింది. తండ్రో భర్తో కొడుకో తీసుకెళ్లేదాకా ఆగాల్సిన అవసరం పోయింది.

అదే కాలంలో, అదే అక్షరాస్యతా ఉద్యమం నెల్లూరు జిల్లాలో ఇంకో దారి పట్టింది. రాత్రి బడిలో సారా గురించిన పాఠం చదువుకున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. వందేళ్ల కింద విలార్డ్ ఒక్క మనిషిలో కలిసిన రెండు పనులు, సారా మీద పోరు, సైకిలు మీద ప్రేమ, ఇక్కడ పక్కపక్క రాష్ట్రాల్లో రెండు ఉద్యమాలయ్యాయి. నెల్లూరు ఆడవాళ్లకు పుదుక్కోట్టైలో లాగా సైకిళ్లు కూడా అంది ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ప్రభుత్వాలకు పుదుక్కోట్టై పాఠం తర్వాత ఎక్కింది. 2006లో బిహార్ తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్కతేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతో సైకిళ్లు వచ్చాయి. మంచి పనే. అయితే ఇవన్నీ పిల్లలకు. బడి వయసు దాటిపోయినవాళ్లకు, అంటే క్యారియర్ మీద కూర్చుని జీవితం గడిపిన తల్లులకు, సైకిలు పథకాలు రావడం అరుదు.

నగరాల్లో మాత్రం ఇటీవల పెద్దవాళ్లు మళ్లీ నేర్చుకుంటున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు, పైన సౌర పలకల కప్పు. యూరప్‌లో, అమెరికాలో పెద్దవాళ్లకు నేర్పే తరగతులు ఎప్పటినుంచో ఉన్నాయి. అక్కడ మొదటి పాఠంలో చేసే పని వింటే రెండు వందల ఏళ్లు గిర్రున వెనక్కి తిరుగుతాయి. ముందు పెడళ్లు ఊడదీస్తారు. సీటు బాగా కిందికి దించుతారు. నేర్చుకునే మనిషి రెండు పాదాలతో నేలను తన్నుకుంటూ, కాసేపు కాళ్లెత్తి, మళ్లీ ఆనించి సాగాలి. అచ్చం డ్రైస్ కొయ్య బండే. బిగుసుకున్న చేతులకు పడబోమన్న ధైర్యం వచ్చేదాకా అంతే. పెడళ్లు ఆ తర్వాతే.

ఈ పని మన వీధి చివర దుకాణంలోనూ కుదురుతుంది. పెట్టెలో విడి భాగాలుగా వచ్చిన సైకిలును మెకానిక్కు బిగిస్తాడు. చక్రాన్ని వేలితో తిప్పి ఎక్కడ ఊగుతోందో చూసి, ఒక్కో పుల్లనూ సవరించి బెండు తీస్తాడు. సీటు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేంత దించమంటే, "అంత కిందికైతే మోకాళ్లు పట్టేస్తాయమ్మా" అంటాడు. ఆయన మాట నిజం, తొక్కడం వచ్చినవాళ్లకు. మొదటి పది రోజులకు మోకాళ్ల కంటే పాదాలు ముఖ్యం. పెడళ్లు ఇప్పుడే బిగించొద్దని చెబితే ఒకసారి ఎగాదిగా చూస్తాడు. చూసినా, పానా చేతిలో ఇచ్చి, కుడి పెడలు మామూలు మరే గానీ ఎడమ పెడలు మర ఎదురు తిరుగుతుందనీ, అటుది ఇటు పెట్టి బిగిస్తే మర పాడవుతుందనీ జాగ్రత్త చెబుతాడు.

అలా కొన్న సైకిలు మర్నాడు పొద్దున్న వీధిలోకి వస్తుంది. పెడళ్లు కాగితంలో చుట్టి ఇంట్లో అలమరలో ఉంటాయి. చుడీదార్ వేసుకున్న నలభై ఏళ్ల మనిషి సీటు మీద కూర్చుని ఒక కాలు, ఇంకో కాలు, మళ్లీ ఒక కాలు వేస్తుంది. ఎదురింటి పిల్లలు పళ్లు తోముకుంటూ ప్రహరీ గోడెక్కి కూర్చుంటారు. "ఆంటీ, కింద చూడకండి, ముందుకు చూడండి" అని వాళ్లలో ఒకమ్మాయి అరుస్తుంది.